కామాలమ్మ ఆఖరి దిద్దుబాటు

పంక్తి కింద చెక్క స్కేలు జరుపుకుంటూ, పెదవులు మాత్రం కదుపుతూ చదువుతోంది కామాలమ్మ. ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దడం ఆమె పని. కామా ఎక్కడ తప్పిపోయినా చెవి పట్టుకుని తెచ్చి కూర్చోబెడుతుందని ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. కళ్లద్దాల బరువుకి ముక్కు మీద రెండు గుంటలు పడ్డాయి. భర్త పోయాక చెల్లెలి ఇంట్లో ఉంటోంది. "నిద్రలో కూడా దీర్ఘాలు దిద్దుతావక్కా" అని చెల్లెలు ఏడిపిస్తుంది. అక్షరం తనది, అర్థం రాసినవాళ్లది. ఆ గీత ఆమె ఎన్నడూ దాటలేదు.

ఉద్యోగంలో ఆఖరి రోజైన ఆ రోజు ఆమె ముందున్నది, వాతావరణ మార్పు దేశాన్ని ఏం చేయబోతోందో ప్రభుత్వ శాస్త్రవేత్తలు తేల్చిన నివేదిక. సముద్రం అధ్యాయంలో స్కేలు ఆగిపోయింది. 'గట్టు కట్టకపోతే తీరంలో ఇళ్లలోకి ఉప్పునీరు వస్తుంది' అని నిన్న చదివిన వాక్యంలో చివరి మాట ఇవాళ 'రావచ్చు' అయింది.

కాగితాలు తెచ్చిన ఉపకార్యదర్శిని అడిగింది.

"నేనే మార్పించాను. జనం బెంబేలెత్తిపోతారు."

"రాసినావిడకి తెలుసా అండీ?"

"ఒక్క మాటకి ఆవిడెందుకు? రేపటి నుంచి ఇంటిపట్టున ఉండబోతున్నారు, మీకెందుకండీ ఈ తలనొప్పి? సంతకం పడేయండి."

కలం మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"వస్తానన్న చుట్టానికే ఎసరు పెడతామండీ. రావచ్చు అన్నవాడి కోసం ఎవరు పొయ్యి వెలిగిస్తారు? గట్టూ అంతే, ఎవరూ కట్టరు" అంది. వెంటనే ఆ అధ్యాయం రాసిన శాస్త్రవేత్తకి ఫోన్ చేసింది.

ఆ అమ్మాయి తల కూడా దువ్వుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ముగ్గురూ ముద్రణాలయం డైరెక్టరు గదిలోకి వెళ్లారు. ఉపకార్యదర్శి చాలాసేపు మాట్లాడాడు. అంతా విని డైరెక్టరు శాస్త్రవేత్త వైపు తిరిగాడు.

"లెక్కలు ఏమంటున్నాయి?"

"వస్తుందనే అంటున్నాయి సార్. అనుమానం ఉన్నచోట 'కావచ్చు' అనే రాశాం. ఇక్కడ లేదు."

"అయితే నీళ్లు నమలడం దేనికి? ఉన్నదున్నట్టు వేయండి."

కామాలమ్మ 'రావచ్చు' కొట్టేసి, పైన 'వస్తుంది' అని గుండ్రంగా రాసింది. యంత్రం కదిలింది. కాళ్ల కింద నేల అదురుతుంటే ఆమెకి ఒళ్లంతా పులకరించింది.

సాయంత్రం రేడియోలో మంత్రి ఆ వాక్యమే చదివి, గట్టు పని ఈ ఏడే మొదలుపెడతామన్నాడు. అచ్చు కార్మికులు సిరా చేతులతోనే చప్పట్లు కొట్టారు. శాస్త్రవేత్త ఆమెని వాటేసుకుంది.

"గెలిచాం కామాలమ్మగారూ!"

"నాదేముందమ్మా, ఒక్క మాట దిద్దాను" అంది గానీ, నవ్వు దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

సందడి సద్దుమణిగేసరికి ఆమె సీటు ఖాళీగా ఉంది. గేటు దగ్గర చెల్లెలు కాచుకుని ఉంది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ వీధి మలుపు తిరిగిపోయారు.

ఏసీ చలికి ఇన్నేళ్లూ తొడుక్కున్న ఉన్ని స్వెట్టరు కుర్చీ వీపుకే వేలాడుతోంది. బల్ల మీద ఆని ఆని అరిగిన దాని మోచేతుల దగ్గర ఆమె చేతుల వంపు ఇంకా అలాగే ఉంది.