మబ్బు పాఠానికి ఒక సంతకం

నేను ఒక గుడ్డి టోపీని. గుడ్డితనం నాది కాదు లెండి, నన్ను పెట్టుకున్నవాళ్లది. విమానం నడపడం నేర్చుకునేవాడి నెత్తిన నన్ను బిగిస్తే, నా పొడవాటి ప్లాస్టిక్ చూరు అడ్డొచ్చి ఆకాశమూ కనపడదు, నేలా కనపడదు. ఎదురుగా ఉన్న మీటర్లు మాత్రం కనిపిస్తాయి. మబ్బుల్లో చిక్కుకున్నప్పుడు వాటిని నమ్మి బయటపడాలి కాబట్టి ఈ సాధన. నన్ను అచ్చు పోసిన మహానుభావులెవరో నాకు తెలియదు. పార్సిల్ విప్పేసరికి ఈ ఫ్లయింగ్ స్కూల్లో ఉన్నాను.

ఎంతమంది మొనగాళ్లకు నా కింద ముచ్చెమటలు పట్టాయో! బయటి లోకం కనపడకపోతే చాలు, మనిషికి తన ఒళ్లే అబద్ధాలు చెబుతుంది. విమానం ఓ పక్కకు ఒరిగి కిందికి జారుతుంటే తిన్నగా పోతున్నానని మురిసిపోతాడు. మీటర్ నిజం చెబితే మీటర్ చెడిపోయిందంటాడు. నాకైతే భలే కాలక్షేపంగా ఉండేది.

కెజియా అనే అమ్మాయి ఒక్కతే నన్ను పెట్టుకుని నిబ్బరంగా నడిపింది. మీటర్లు చూసి ఎగిరే లైసెన్సు తెచ్చుకుంది, మామూలుగా ఎగరడం నేర్పే టీచర్ లైసెన్సూ తెచ్చుకుంది. ఇక మీటర్లతో ఎగరడం కూడా నేర్పాలంటే ఇంకో పరీక్ష ఉంది. దానికి ముందు, "ఈమె నా దగ్గర తర్ఫీదు పొందింది, నేర్పగలదు" అని అర్హత ఉన్న పెద్ద టీచర్ ఎండార్స్‌మెంట్ రాసి సంతకం పెట్టాలి. మా స్కూల్లో ఆ అర్హత కెప్టెన్ మార్కండేయులు గారికి తప్ప ఇంకెవరికీ లేదు. వానాకాలం లోపల ఆ పరీక్ష గట్టెక్కకపోతే ఉద్యోగం ఉండదని యాజమాన్యం కెజియాకి తేల్చి చెప్పింది.

ఆ తర్ఫీదు తమాషాగా ఉంటుంది. కెప్టెన్ గారు విద్యార్థి వేషం వేస్తారు. నన్ను పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చుని కావాలని తప్పులు చేస్తారు. కుడి సీట్లో ఉన్న టీచరమ్మ వాటిని కనిపెట్టి నోటితో దిద్దాలి, మరీ ముదిరితే కంట్రోల్స్ తాను తీసుకోవాలి.

మొదటిసారి ఆయన వేషం బాగానే రక్తి కట్టింది. తర్వాత ఓ మలుపులో విమానం నిజంగానే ఒరిగిపోయింది. ఆయన నుదురు తడిసి నా పట్టీ జారింది. నటించేవాడికి అంత చెమట పట్టదు. "నాకివ్వండి సార్" అని కెజియా అందుకుని సరిచేసింది. దిగాక ఆయన నన్ను ఊడదీసి టేబుల్ మీదికి విసిరారు.

"నేను యాక్టింగ్ చేస్తున్నానమ్మాయ్! స్టూడెంట్ తన తప్పు తాను ఒప్పుకునేదాకా ఆగలేవూ? ఓపిక లేనిదానివి నువ్వేం టీచర్‌వి? సంతకం లేదు, గింతకం లేదు, పో!" అన్నారు అందరి ముందూ.

కెజియా మొహం మాడిపోయింది. నాకు నవ్వొచ్చింది. పాపం, ఆ పిల్ల చేసిన తప్పల్లా ఆయన ప్రాణం కాపాడటమే.

వానలు దగ్గర పడ్డాక మళ్లీ ఎక్కారు. మళ్లీ ఓ మలుపు, మళ్లీ అదే ఒరుగుడు. కెజియా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మీటర్ చూడండి సార్."

"చూస్తున్నా."

విమానం ముక్కు కిందికి దిగింది. గాలి హోరు పెరిగింది.

"ఇది యాక్టింగేనా సార్?"

కింద జొన్నచేలు పెద్దవవుతున్నాయి. నన్ను పీకి పారేస్తే చాలు, ఆయనకూ కనిపించేవి. కానీ పీకితే ఓడిపోయినట్టే కదా! అంత పరువున్న మనిషి చావనైనా చస్తాడు గానీ టోపీ తీస్తాడా?

"తీసుకో" అన్నారు సన్నగా.

"ఏంటి సార్?"

"తీసుకోవే తల్లీ! నాకు తెలీట్లేదు!"

"ఏం తెలీట్లేదు సార్?"

"పైకి పోతున్నానో కిందికి పోతున్నానో తెలీట్లేదు! నిజంగానే! చచ్చిపోతాం!"

అప్పుడు తీసుకుంది. చేలో పిట్టలు బెదిరి లేచేంత కిందికి పోయి, పైకి లేచాం. ఆయన ప్యాంటు తడిసింది. ఆ సంగతి చెప్పకూడదు, అయినా చెబుతున్నాను.

దిగాక కెజియా పెన్ను అందించింది.

"ఓపిక సరిపోయిందా సార్?" అని అడిగింది, ఆమె కూడా అందరి ముందే. ఆయన తల ఎత్తకుండా సంతకం పెట్టారు.

కెజియా పరీక్ష పాసయింది. కెప్టెన్ గారు ఎగరడం మానేసి, క్లాసులో వాతావరణ పాఠాలు చెప్పుకుంటున్నారు. పట్టీ తెగాక నన్ను ఆ గదిలోనే బీరువా మీద పడేశారు. స్కూల్‌కి కొత్త టోపీలొచ్చాయి. ఇక్కడినుంచి రన్‌వే బాగానే కనిపిస్తుంది.

నిన్న కెజియా శిష్యురాలు ఒకమ్మాయి విమానం దిగి, రెక్క పట్టుకుని వాంతి చేసుకుంది. కెజియా పక్కనే నిలబడి వాచీ చూసుకుంటోంది.

"నా వల్ల కావట్లేదని ఎన్నిసార్లు చెప్పాను మేడమ్? తీసుకోమని ఎన్నిసార్లు అడిగాను?" అని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది.

కెప్టెన్ గారు పాఠం ఆపి కాసేపు అటే చూశారు. తర్వాత వెళ్లి కిటికీ మూసేశారు.