బాబాయి చేలో నడిచిన పైపు

మా బాబాయిది వాన పడితేనే పండే మెట్ట చేను. గట్టు పక్కనే చిప్స్ ఫ్యాక్టరీ. ఆలుగడ్డలు కడిగిన నీళ్లు పొలాలకు ఊరికే వదులుతారు. ఆ నీళ్లు పైపులోకి తోడే పంపు నడిపేది నేనే.

ఊరికే అన్న మాట వింటే బాబాయికి ఒళ్లు తెలియదు. పైపు చివర చేను నడిమధ్య పడేసి నెలరోజులు కదపలేదు. గడ్డల్లోని గంజి నేల మీద పేరుకుని అట్టకట్టింది. నీళ్లు ఇంకడం మానేశాయి. ఆ కంపుకి పక్క ఊరి ఈగలు పెళ్లాంపిల్లలతో కాపురానికి దిగాయి. చల్లిన జొన్న మొలవకుండా కుళ్లిపోయింది.

చేను పిన్ని పేరున ఉంది. రెండో విత్తు కూడా పోతే నీళ్ల గుంట తవ్వుకోమని ఫ్యాక్టరీకి ఇచ్చేస్తానంది. బాబాయి సగం అన్నంలో లేచిపోయాడు. రోజూ తిట్టే మనిషి రెండు రోజులు నన్ను తిట్టలేదు కూడా. నాకు భయమేసింది.

ఆయన్ని మళ్లీ మామూలు మనిషిని చేద్దామని, చెబితే వినడు కాబట్టి, ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ పైపు చివరని ఇరవై అడుగులు జరిపాను. మర్నాడు మరో ఇరవై. ఆయన పైపుని రాయికి కట్టాడు. రాయితో సహా జరిపాను. మూడో వారానికల్లా పైపుకి కాళ్లొచ్చాయని ఊరంతా చెప్పాడు. ఇద్దరు పెద్దమనుషులు కుర్చీలు తెచ్చుకుని మరీ కాపలా కూర్చున్నారు. వాళ్లకీ కునుకు పట్టింది.

అలా ఒక్కో చోట ఒకరోజు తడి, పదిరోజులు ఎండ. అట్ట నెర్రెలిచ్చింది. దున్నితే మట్టి పొడిపొడిగా లేచింది. నెలరోజులు నానిన నడిమి ముక్క వదిలేసి బాబాయి మళ్లీ జొన్న చల్లాడు. ఆరో రోజున మొలకలొచ్చాయి.

ఉత్తరం గట్టు దగ్గర మొలకలు మరీ ఒత్తుగా ఉన్నాయి. పైపుకి ఆ చోటు నచ్చిందని తేల్చుకుని, అక్కడే బిగించడానికి బాబాయి సిమెంటు కలపడం మొదలెట్టాడు. ఇక లాభం లేదనుకున్నాను.

"బాబాయ్, పైపు నడవలేదు. నేనే జరిపాను."

ఆయన చేతిలో తాపీ ఆగింది. "ఎన్నాళ్ల నుంచే పిల్లా?"

"రోజూ. ఆ గంజి నేలకి ఒక్కసారే అరగదు. ఓ రోజు పెట్టి పదిరోజులు ఆగాలి. నువ్విక్కడ బిగిస్తే ఇదీ నడిమి ముక్కలాగే అయిపోతుంది."

"మరి రాయో?"

"దొర్లించాను."

గట్టు మీద నిలబడి వింటున్న పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుని, కోత దాకా గుంట మాట ఎత్తనంది. బాబాయి నన్ను పావుగంట తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పదకొండు పుల్లలు విరిచి, నడిమి ముక్క వదిలేసి, రోజుకో చోటని పదకొండు చోట్ల పాతాడు. మొదటి పుల్ల దగ్గరికి పైపు తనే ఈడ్చుకెళ్లి, పంపు వెయ్యమని నాకు చెయ్యూపాడు.