మూగ దెబ్బ

ఇంగ్లండు రాణిగారి ముసలి భర్త పోయారు. మా ఊరి చర్చిలో గంటలు మోగించే జట్టుకు నేనే పెద్దను. సంతాపానికి గంట నాలుకకు ఒక పక్క తోలు కడతాం. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మూగగా పడుతుంది. మోగించి, జట్టులోని ఆరుగురితో కిందికి దిగానో లేదో, జనం చుట్టుముట్టారు.

"సగం గొంతుతోనా? ఆయనంటే అంత చులకనా?" అని రిటైరైన సైనికుడు క్లైవ్ అరిచాడు.

"పొద్దుట్నుంచీ టీవీలో ఆయన గోలే. మళ్లీ నీ గంటల గోలొకటా?" అంది మాంసం కొట్టు డెనీస్.

నాకు ఒళ్లు మండింది. "చేతనైతే మీరే ఎక్కి తాడు లాగండి!" అన్నాను.

అప్పుడు మేవిస్ ముందుకొచ్చింది. "మా ఆయన నలభై ఏళ్లు లాగాడయ్యా ఆ తాడు. పోయిన నెల ఆయన పోతే, మోగించడానికి మనుషుల్లేరన్నావు. ఇవాళ ఈ ఆరుగురూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు?"