సోల్‌బాకెన్‌వారు మనకేమవుతారు?

దొరసామి నాయుడికి ఒక అలవాటు ఉంది. తెలుగు మాట చెవిన పడితే చాలు, పలికినవారి ఇంటిపేరు అడగనిదే ఆయనకు ముద్ద దిగదు. ఒకనాడు కోయంబత్తూరు దగ్గరి సూలూరు సంతలో విమానదళపు ఉద్యోగి ఒకడు తెలుగులో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ కొత్తిమీర బేరమాడుతున్నాడు. ఆయన వెంటబడి ఇంటిపేరు రాబట్టాడు. తమదీ అతనిదీ గుండ్లపల్లే అని తేలేసరికి అక్కడికక్కడే అతణ్ణి తమ్ముణ్ణి చేసి, ఇంటికి తీసుకుపోయి, అరిటాకు వేసి అన్నం పెట్టి పంపాడు.

ఆయనకు ఈ లోకం రెండు భాగాలు. తమ ఇంటిపేరే ఉన్నవారు పంగాళ్ళు, అంటే దాయాదులు. వారి పిల్లలు మనకు అన్నాచెల్లెళ్ళు, వారి గడపలో మన ఆడపిల్ల ఎన్నాళ్ళున్నా దోషం లేదు. వేరే ఇంటిపేరున్నవారు సంబంధులు. ఇచ్చి పుచ్చుకోదగినవారు గనుక వారింట పెళ్ళికాని పిల్ల రాత్రి నిలవరాదు. ఎన్ని తరాల క్రితమో ఉత్తరాన ఉన్న తెలుగునేల నుంచి నడిచి వచ్చిన పెద్దలు పశువులతోపాటు తోలుకొచ్చిన కట్టుబాటు ఇది. ఆ గుండ్లపల్లి కృష్ణకు ఈవల ఉన్నదో, ఆవల ఉన్నదో చెప్పగలవాడు ఇప్పుడు లేడు. పట్టాలోనూ, రేషన్ కార్డులోనూ ఆ పేరు కనబడదు. తండ్రి పేరులోని మొదటి అక్షరంతోనే సర్కారు వ్యవహారమంతా నడిచిపోతుంది. పెళ్ళిపందిట్లోనూ, ఇలవేల్పు ముందరా పెద్దలు నోటితో చెబితేనే ఆ పేరుకు ప్రాణం.

ఇప్పుడు ఆ పేరే మనుమరాలు కార్తీక దారికి అడ్డం వచ్చింది.

కార్తీక కోయంబత్తూరులో నూలు, బట్టల సాంకేతిక విద్య చదువుతోంది. ఆ చదువులో భాగంగా ఒక సెమిస్టరు నార్వే దేశపు విశ్వవిద్యాలయంలో ఉన్నిమీద పాఠాలు చదివే అవకాశం వచ్చింది. పత్తిని పురిపెడితే తప్ప దారం నిలవదు; ఉన్ని వెంట్రుకలు మాత్రం తడిపి నలిపితే ఒకదాన్నొకటి పట్టుకుని విడవవట. ఎందుకలా? ఆ ప్రశ్న పిల్లను నిద్రపోనివ్వడం లేదు. అక్కడి హాస్టలు నిండిపోవడంతో విశ్వవిద్యాలయంవారు ఊరి అంచున ఒక ముసలామె ఇంట్లో గది చూపించారు. ఈ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే గది వేరొకరిది. గది లేకపోతే ప్రయాణమే లేదు. తండ్రి రామ్‌కుమార్ "తాత సరే అంటే నాకూ సరే" అని చెప్పి మగ్గాల షెడ్డుకు వెళ్ళిపోయాడు.

"ఆ అమ్మ ఇంటిపేరేమి అమ్మణీ?" అన్నాడు దొరసామి.

"సోల్‌బాకెన్ తాతా."

"అది ఊరా, మనిషా?"

"నాకేం తెలుసు? ఇప్పుడు వీడియోలో వస్తారు. మీరే అడగండి."

"అడక్కుండా ఉంటేదా అతిశయం, అడిగితే వింతేమి," అంది ఆయన భార్య జానకమ్మాళ్. ఆమె చేటలో మునగాకు దూస్తోంది.

తెరమీద తెల్లని జుట్టు, ముడతల మొహం, నీలం ఉన్ని చొక్కా కనిపించాయి. పేరు ఇంగ్రిడ్. దొరసామి చేతులు జోడించి, క్షేమమైనా అడగకుండానే తన ప్రశ్న వేశాడు. కార్తీక సిగ్గుపడుతూ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఇంగ్రిడ్ ఫోనెత్తి కిటికీ దగ్గరికి నడిచింది. మంచు కప్పిన వాలు ఒకటి, దానిమీద అప్పుడే పడుతున్న పలచని ఎండ. సోల్‌బాకెన్ అంటే ఎండ పడే వాలు. అది ఈ నేల పేరు. ఆమె తాతకు తండ్రి ఇక్కడికి పాలేరుగా వచ్చాడట. అంతకుముందు అతనికి వేరే పేరు ఉండేదట. ఈ ఇంట చేరాక ఇదే అతని పేరయిందట.

దొరసామి కుర్చీలో ముందుకు వంగాడు. "మరి ఆ పాత పేరేమాయె?"

"ఆ పాత నేలలోనే ఉండిపోయింది అంటాండారు తాతా. తర్వాత ఆడికి వచ్చినోళ్ళకు ఆ పేరు."

"అయితే ఒకే పేరున్నోళ్ళు ఒకే రక్తం కాదా?"

"కాదంట."

పురాణంలో వినని సంగతి విన్న శ్రోతలా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. పేరు మనిషిది కాదు, మట్టిది! మనుషులు వస్తారు, పోతారు, పేరు కదలదు. ఎంత వింత! ఆ ఆనందంలోనే ఒక అనుమానం తేలులా పాకింది.

"ఆరు నెలలుంటే మన పిల్లకూ ఆ పేరేనా?"

ఇంగ్రిడ్ నవ్వింది. ఇప్పుడు అలాంటి చట్టమేమీ లేదు, కావాలంటే సంతోషంగా ఇస్తానంది. మర్యాదకు అన్న ఆ మాటే కొంప ముంచింది. ఆడపిల్ల ఇంటిపేరు మారేది మూడు ముళ్ళతోనే గదా!

"ఆ అమ్మకు కొడుకులుండారా?" అని చేట వదలకుండానే అడిగింది జానకమ్మాళ్.

"ఒక్కడు అవ్వా. మార్టిన్. పడవ నడిపిస్తాడు. అప్పుడప్పుడు వచ్చేసి పోతాడు."

"పెళ్ళి?"

"కాలేదు."

"చూస్తివా!" అన్నాడు దొరసామి. "వేరే ఇంటిపేరు, పెళ్ళికాని కొడుకు. ఇది సంబంధి ఇల్లుదా. వద్దమ్మణీ."

కార్తీక మొహం వాడిపోయింది. "తాతా, ఆడ ఎవురికీ ఈ మురై, ఈ వరస తెలీదు."

"వాళ్ళకు తెలీకపోతే ఏమి? మనకు తెలుసు గదా."

పిల్ల ఫోను మూసేయడానికి చేయి చాచింది. జానకమ్మాళ్ చేట పక్కనపెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆ చేయి పట్టుకుంది.

"ఇరు, ఉండు. ఆ అమ్మ వయసెంతో అడుగు."

"డెబ్బైనాలుగు."

"నాకు డెబ్బై. అయితే ఈయమ్మ నాకు అక్క."

"ఏమే, నీకు పైత్యమా?" అన్నాడు దొరసామి.

"పైత్యం మీకు. మీరు మగవాళ్ళ పేర్లు పట్టుకొనే లెక్క ఏస్తారు. ఆండిపట్టిలో మా అక్క రామక్కాళ్ ఇంటిపేరు ఏమి? మనది ఏమి? రెండూ వేరేదా. మన రామ్‌కుమార్ బడికి లీవు విడిస్తే ఆడనే గదా పడి ఉండె. రామక్కాళ్ కొడుకులు వానికి ఏమి? సంబంధులా?"

"అన్నదమ్ములు," అని ఒప్పుకోక తప్పలేదు ఆయనకు.

"ఇంటిపేరు వేరైనా?"

పద్యంలో గణభంగం వెదికే పండితుడిలా దొరసామి ఆ వాదాన్ని ముందునుంచీ వెనకనుంచీ పరిశీలించాడు. అక్కచెల్లెళ్ళ బిడ్డలు అన్నదమ్ములే; అక్కడ ఇంటిపేరు అడిగే పనే లేదు. ఎక్కడా లోపం దొరకలేదు.

"అయితే ఆ పడవవాడు నాకేమవ్వా?" అంది కార్తీక, నవ్వు ఆపుకుంటూ.

"మీ నైనకంటే చిన్నోడేగా? చిన్నాయన."

"నీవు అక్కా అంటే చాలదే," అన్నాడు దొరసామి మెల్లగా. "ఆ అమ్మ ఒప్పుకోవాల గదా."

కార్తీక తెరవైపు తిరిగి, మా అవ్వ మిమ్మల్ని అక్కగా ఉండమని అడుగుతోందని చెప్పింది. ఇంగ్రిడ్ వెంటనే తలూపలేదు. తీసుకోబోయే బాధ్యత ఎంత బరువో తెలుసుకోవాలనుకున్నదానిలా కనుబొమలు ముడిచింది. అక్క చేయాల్సిన పనులేమిటని అడిగింది.

"తిట్టాల," అంది జానకమ్మాళ్. "పిల్ల తప్పు చేస్తే నన్ను అడక్కుండా తిట్టాల. తినకుండా పండుకుంటే లేపి పెట్టాల. మాంసం వద్దంటే పట్టుపట్టకూడదు. అంతేదా."

అంతా విని ఇంగ్రిడ్ తనకు తోడబుట్టినవారే లేరనీ, అయినా ఈ పని చేతనవుతుందనీ చెప్పింది. తిట్లు మొదటిరోజే మొదలుపెట్టాలా, ఒక వారం ఆగవచ్చా అని అడిగింది. జానకమ్మాళ్ పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

"పో అమ్మణీ," అన్నాడు దొరసామి. "ఒప్పుకున్నామని రాసెయ్."

పిల్ల ల్యాప్‌టాప్ తెరుస్తుండగా ఇంగ్రిడ్ మరో మాట అంది. దారి పక్కన తపాలా పెట్టెమీద పేరు లేకపోతే పిల్లకు ఉత్తరాలు చేరవు, ఏమని రాయించాలి?

"ఆర్. కార్తీక..." అని మొదలుపెట్టింది పిల్ల.

"ఇరు ఇరు." దొరసామి గొంతులో బిడియం. "గుండ్లపల్లి కార్తీక అని రాయమను."

ఇంగ్రిడ్ ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకుంది. అది కూడా నేల పేరేనా అని అడిగింది. అవును, ఊరి పేరు; మావాళ్ళు ఎప్పుడో అక్కణ్ణుంచి వచ్చేశారు, పేరు మాతో వచ్చింది, నేల అక్కడే ఉండిపోయింది అని ఆయన చెప్పించాడు. దానికి ఆమె మరో ప్రశ్న వేసింది.

"తాతా, ఆయమ్మ ఏమడుగుతాందో తెలుసా? మనం వచ్చేసినాక ఆడ ఉండేవాళ్ళ ఇంటిపేరేమి అని."

ఇన్నేళ్ళలో కనబడిన ప్రతి తెలుగువాణ్ణీ ఇంటిపేరు అడిగిన దొరసామికి ఈ ప్రశ్న ఒక్కసారీ తోచలేదు. ఈ అమ్మ లెక్కన ఆ ఊళ్ళో ఇప్పుడు దున్నుతున్నవారూ, గొర్రెలు కాస్తున్నవారూ, ఏ కులంవారైనా సరే, అందరూ గుండ్లపల్లివారే. అప్పుడు వారు తనకు ఏమవుతారు?

"గది కన్‌ఫర్మ్ అయింది తాతా! ఫోను పెట్టేసేదా?"

"పెట్టొద్దు," అన్నాడు దొరసామి, కుర్చీని తెరకు ఇంకా దగ్గరికి లాక్కుంటూ. "ఆ వాలు కింద ఇంకో ఇల్లు కనబడతాంది. వాళ్ళ పేరేమో అడుగు."