లావు ఎలుకల గదిలో లైటు

సన్న ఎలుకల్లో, లావు ఎలుకల్లో ఏ వేళకు ఏ హార్మోను ఎంత ఊరుతుందో కొలవడం ఆ పరిశోధకురాలి పని. ఎలుకలు తిరిగేది చీకట్లోనే కాబట్టి, పగటిపూటే కొలవడానికి వీలుగా వాటి రెండు గదులూ పగలు చీకటిగా, రాత్రి వెలుగుగా ఉండేలా లైట్లు అమర్చింది. సన్నవాటిలో హార్మోను గదిలో లైట్లు ఆరే వేళకు ఠంచనుగా పెరిగేది. లావువాటిలో ఎప్పుడు చూసినా ఒకేలా ఉండేది.

"తిండిపోతులకు వేళాపాళా ఏముంటుందమ్మా? అదే వ్యాసంగా రాసి పంపించెయ్," అన్నాడు ల్యాబు పెద్ద.

ఆమెకు ఆ మాట మింగుడుపడలేదు. మర్నాడు మధ్యాహ్నం లావు ఎలుకల గది తలుపు తీస్తే లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఎవరో అతిథులకు ల్యాబు పెద్ద ఎలుకల పొట్టలు చూపించి నవ్విస్తున్నాడు. ఎలుకలు మూలలకు ఒదిగిపోయాయి.

"రోజూ ఇలాగే లైటేస్తున్నారా సార్?"

"వచ్చినవాళ్లకి చూపించొద్దూ? కాసేపేగా!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "వాటి వేళలు చెడగొట్టింది మీరు. నింద మాత్రం వాటి పొట్ట మీదా?"

"ఎలుకల తరఫున వకాల్తా పుచ్చుకున్నావా ఏంటి?" అన్నాడాయన. అతిథులు కిసుక్కున నవ్వారు.

ఆమె లైట్లు ఆర్పేసి, అందరినీ బయటికి పంపి తాళం వేసింది. పరీక్షలన్నీ మొదటినుంచీ మళ్లీ చేసింది. ఈసారి లావు ఎలుకల్లోనూ హార్మోను వేళకే పెరిగింది, కాకపోతే కాస్త తక్కువగా. మొదటి ఫలితాలు ఎందుకు పనికిరాకుండా పోయాయో కూడా వ్యాసంలో రాసింది.

"ఆ లైటు సంగతి తీసెయ్," అన్నాడు పెద్దాయన.

"అది తీస్తే నా పేరూ తీసెయ్యండి సార్."

ఆయన మూతి ముడుచుకున్నాడు గానీ, ఆ వాక్యం జోలికి పోలేదు.