పెళ్ళయినవాళ్ళు అనర్హులని లేదు

మజ్జిగ చిలికిన చేతులు కొంగుకి తుడుచుకుని మావారి ఆఫీసు ఉత్తరాలు రాయడానికి కూచోవడం నాకు ఆరేళ్ళ అలవాటు. జయపురం జమీందారీ ఎస్టేటు రోజుల్లో మావారు వరాహనరసింహం గారి రాతపనంతా తెలుగే. ఎస్టేటు పోయి, కోరాపుట్ సర్కారు కచేరీలో గుమాస్తాగా చేరాక అంతా ఒడియా. మాట్లాడతారు గానీ రాయడం అక్షరం ముక్క రాదు. మా నాన్న లక్ష్మీపూర్ బళ్ళో మాస్టారు కాబట్టి నేను ఒడియాలోనే చదివి మెట్రిక్ ఫస్టున పాసయ్యాను. ఇంకేం, కచేరీ నా వంటింట్లోకొచ్చి పడింది. నేను రాస్తాను, వేలు పెట్టి చూపిస్తాను, ఆ వేలి దగ్గర ఆయన సంతకం చేస్తారు. ఏం రాశావని ఒక్కనాడూ అడగలేదు. "మా ఆఫీసరు నా ఒడియా చూసి మురిసిపోయేడే" అని మాత్రం వచ్చి చెబుతారు. ఆయన ఒడియాట! ఒళ్ళు మండిపోయేది.

మొన్న సోమవారం నకలు తీయమని తెచ్చిన కాగితాల్లో ఒక సర్క్యులర్ ఉంది. జయపురం కాలేజీలో చేరే ఆడపిల్లలకి ఈ ఏడు ఫీజు పూర్తిగా మాఫీ, పుస్తకాలకి స్కాలర్‌షిప్పు. మెట్రిక్ పాసైతే చాలు. పెళ్ళయినవాళ్ళు అనర్హులని ఎక్కడైనా ఉందేమోనని మూడుసార్లు వెతికాను. లేదు. తండ్రి గానీ భర్త గానీ సంతకం చెయ్యాలి, దరఖాస్తు కచేరీలో ఇవ్వడానికి శనివారం ఆఖరు. నకలు తీశాక నా దరఖాస్తు కూడా రాసి దాచుకున్నాను. పెళ్ళైన కొత్తలో చదువుతానంటే "అంత ఫీజు ఎక్కణ్ణించి తేనే?" అన్నారు. ఆ ఒక్క మాటకీ నోరు మూసుకుని ఇన్నేళ్ళు కూచున్నాను. పిచ్చిదాన్ని, అడ్డు ఫీజే అనుకున్నాను.

శనివారం పొద్దున్న కచేరీ కాగితాల మధ్య నా దరఖాస్తు పెట్టాను. ఆయన వరసగా సంతకాలు చేసుకుంటూ దాని దగ్గరికొచ్చారు. నా వేలు గీత మీద ఉంది. కలం వాలింది. నేను ఊరుకుంటే అయిపోయేది. కానీ దొంగతనంగా ఎందుకు? ఎవరి సొమ్ము ఎత్తుకుపోతున్నానని? వేలు తీసేశాను.

"ఇది నాది. విని చెయ్యండి" అని పైకి చదివి, తెలుగులో చెప్పాను.

ఆయన కలం కింద పెట్టేశారు. "నీకేవైనా మతిపోయిందా? కాపరం చేసుకునే ఆడదానివి, కాలేజీ ఏవిటే?"

"ఫీజు లేదండీ. అప్పుడు మీరు చెప్పింది అదేగా."

"ఫీజు లేకపోతే? పొద్దున్నే బస్సెక్కి కొండ ఘాటీ దిగి జయపురం పోతే ఇంట్లో వండేదెవరు?"

బియ్యం ఏరుతున్న మా అత్తగారు తలెత్తారు. "సర్కారువాళ్ళు ఊరికే ఇస్తారని వెళిపోడవేనా అమ్మీ? మావాడి మంచీ చెడ్డా చూసేదెవరు?"

అదీ సంగతి. సర్కారు ఫీజు మాఫీ చేసింది గానీ వంట మాఫీ చెయ్యలేదు. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది, ఏడవలేదు. పదిన్నరకల్లా ఆఫీసరు బల్ల మీద ఉండాల్సిన ఉత్తరం ఒకటి సగం రాసి ఉంది. దాన్ని ఆయన ముందుకి తోశాను.

"మిగిలింది మీరు రాసుకోండి."

"ఇందులో నాకేం తెలుసును? ఆఫీసరడిగితే ఏం చెప్పను?"

"మీ ఒడియాకి జలుబు చేసిందని చెప్పండి."

"హవ్వ!" అన్నారు అత్తగారు. ఆయన ఉత్తరం తిరగేశారు, బోర్లేశారు, గడియారం చూశారు. తొమ్మిదిన్నర దాటింది. నేను కదల్లేదు. చివరికి నా దరఖాస్తు లాక్కుని సంతకం గీకి పడేశారు. దాని సిరా ఆరాకే ఆయన ఉత్తరం పూర్తి చేసి ఇచ్చాను.

గుమ్మం దాటబోతూ ఆగారు. గొంతు తగ్గింది. "కాలేజీకెళ్ళినా ఇవి రాసిపెడతావుగా?"

"రాయను" అన్నాను. "సాయంత్రాలు పలక పట్టుకుని కూచోండి, నేర్పిస్తాను. మీకూ ఫీజు మాఫీయే."