జాబితాలో ఒకటో పేరు

తీగ మీద ఆరిన చేతిపట్టీలను కోడలు మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్కటే చుడుతోంది. ఒక్కోటీ ఐదు గజాలు. మెలిక పడకుండా చుట్టాలి, లేకపోతే గ్లవ్ లోపల వేలి కణుపుల మీద ఒరుసుకుంటుంది. నాలుగు అయ్యాయి. ఇంకా రెండు ఉండగానే ముందుగదిలోంచి మామగారు పిలిచారు.

"అమ్మాయ్, వాళ్లు వచ్చేశారు. పుస్తకం తీసుకురా."

మామగారు నగర బాక్సింగ్ సంఘానికి అధ్యక్షుడు. మోకాళ్లు అరిగి మెట్లు దిగలేకపోతున్నారు కాబట్టి ర్యాంకుల కమిటీ ఏడాదిగా ఆయనింట్లోనే కూర్చుంటోంది. కమిటీ అంటే ముగ్గురే. ఆయన కాక, పాతికేళ్లు రింగు పక్కన గంట కొట్టిన గంటాయన ఒకరు. పాయింట్లు వేసే లెక్కల మాస్టారు ఇంకొకరు. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మినిట్స్ పుస్తకం కోడలికి అప్పగించారు. ఆమె పని రాయడమే. ఇన్నాళ్లలో ఆ గదిలో ఆమె "టీ చల్లారిపోతోంది" తప్ప ఇంకో మాట అనలేదు.

తేలాల్సింది ఒక్కటే. హెవీవెయిట్ జాబితాలో ఒకటో పేరు ఎవరిది? ఆ పేరున్నవాడు వచ్చే నెల ఛాంపియన్‌తో తలపడాలి. బరిలో ఇద్దరున్నారు. ఫర్నిచర్ గోడౌన్లో బీరువాలు మోసేవాడు ఒకడు, భారీ ఒళ్లు చూసి దూలం అని పేరు పెట్టారు. అతను మామగారి కొడుకు, ఈమె భర్త. రెండోవాడు బేకరీలో పిండి పిసుకుతాడు. అందరూ అతన్ని బేకరీ అనే అంటారు. గత రెండు సమావేశాల్లోనూ గంటాయన ఓటు దూలానికి, మాస్టారి ఓటు బేకరీకి. కొడుకు సంగతి కాబట్టి మామగారు ఊరుకున్నారు. కానీ మూడోసారి కూడా సమానమైతే, చుట్టరికం ఉన్నా సరే, అధ్యక్షుడు ఓటు వెయ్యక తప్పదు. అది సంఘం నియమం.

"మళ్లీ మొదట్నుంచీ చెప్పమంటారా?" గంటాయన కుర్చీలో కూలబడ్డాడు.

"వద్దు మహాప్రభో! నాకు కంఠతా వచ్చేసింది" అన్నారు మాస్టారు. "రెండేళ్ల కింద దూలం బేకరీని ఓడించాడు. అంతేగా?"

"అంతేగా ఏంటండీ? ఎదురెదురుగా నిలబడి ఓడించాడు. ఇంకేం కావాలి?"

"రెండేళ్లయ్యింది స్వామీ! అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పరిగెడుతున్నారు. ఆ తర్వాత బేకరీ ఐదుగుర్ని పడుకోబెట్టాడు. మీవాడు ఈ ఏడాది గెలిచింది ఎవరి మీద? ఆ లారీ డ్రైవరు మీద. పాపం ఆయన రెండో రౌండు నుంచే స్టూలెక్కడుందా అని చూస్తున్నాడు."

"గెలుపు గెలుపే."

"ఒక్క పాయింటు తేడాతో. వేసింది నేనేనండీ."

"మీ పాయింట్లు కూడా ఒక పాయింట్లేనా! మీ ఇంట్లో పిల్లికి కూడా సున్నాలే వేస్తారు మీరు."

నవ్వు ఎవరికీ సరిగ్గా రాలేదు. ఇద్దరూ ఇవే మాటలు మూడు నెలలుగా మోస్తున్నారు. ఇప్పుడు దించేసి ఇంటికి పోదామన్నట్టే ఉన్నాయి గొంతులు. కోడలు రాస్తోంది. మధ్యగది తెర వెనక మంచం కిర్రుమంది. ఆమె భర్త అక్కడే కూర్చుని వింటున్నాడని అందరికీ తెలుసు.

ఆమెకు మాత్రమే తెలిసింది ఇంకోటుంది.

ఏడు నెలల కింద సాధనలో తగిలిన దెబ్బకి ఆయన ఎడమ కంటికి నల్లటి పరదా జారినట్టయింది. గ్లాసులో పొయ్యబోయిన నీళ్లు బల్ల మీద పోసేవాడు. ఎవరికీ తెలియకుండా ఇద్దరూ వేరే ఊరి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ కంటికి ఇక చూపు రాదన్నాడాయన. మిగిలిన కంటికి అలాంటిదే ఇంకో దెబ్బ తగిలితే పూర్తిగా చీకటేనన్నాడు. తిరిగొస్తుంటే బస్సులో భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటో పేరు ఒక్కసారి చూసుకుని మానేస్తా. నాన్న రింగులో ఉన్నన్నాళ్లూ జాబితాలో రెండోవాడిగానే ఉండిపోయాడు."

ఆ మాటకి ఆమె కరిగిపోయింది. సంఘం వాళ్ల కంటి పరీక్షలో గోడకి వేలాడేది ఏళ్ల తరబడి అదే అక్షరాల పట్టిక. దాన్ని ఆమె కాగితం మీద ఎక్కించుకొచ్చి, కూర తరుగుతూ, గిన్నెలు తోముతూ, పై వరుస నుంచి కింది దాకా ఆయనకు బట్టీ పట్టించింది. కుడి కన్ను మూసి ఆయన గడగడా అప్పజెప్పేశాడు. పాసైపోయాడు. ఆ రోజు ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు కూడా.

"సరే" అన్నారు మామగారు. "మళ్లీ చెరో ఓటే కదా? ఇక నావంతు."

ఓటు కొడుక్కే వేస్తారని ఆయన గొంతులోనే తెలిసిపోయింది. ఒకటో పేరు పడితే వచ్చే నెల ఆ ఒక్క కంటితోనే ఛాంపియన్ ముందు నిలబడాలి. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"మామయ్యా, ఆయనకి ఎడమ కన్ను కనపడదు."

గంటాయన టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. "అదేంటమ్మా, పరీక్ష పాసయ్యాడుగా!"

"పట్టిక నేనే బట్టీ పట్టించాను. కింది వరుస ర, ట, గ, మ, ప, డ. ఆ పై వరుస..."

"చాలమ్మా" అన్నారు మామగారు.

 గంటాయన గొణుక్కున్నాడు. "అందుకా... ఆ డ్రైవరు కుడిచేత్తో విసిరిన గుద్దులన్నీ మనవాడు తిన్నాడు. ఒళ్లు బరువెక్కింది వెధవకి అనుకున్నా."

"ఎన్నాళ్లనుంచి?" మామగారు అడిగారు.

"ఏడు నెలలు."

"ఇంట్లోనే ఉన్నానుగా నేను. నాకు చెప్పాలనిపించలేదా?"

 ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ చాలాసేపు నేలవైపు చూశారు. ఒక్కసారిగా ఇంకో పదేళ్లు మీద పడ్డట్టున్నారు. మాస్టారు తన మాటే గెలిచినా సంతోషపడలేక కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"రాయమ్మా" అన్నారు మామగారు చివరికి. "ఒకటో పేరు బేకరీ. మావాడి పేరు రెండో స్థానంలో కూడా వద్దు. కొట్టెయ్. ఒంటికంటితో రింగెక్కించే పాపం నాకొద్దు."

"మామయ్యా, మీ చేత్తో..."

"నువ్వే కొట్టెయ్. చెప్పింది నువ్వు."

ఆమె స్కేలు పెట్టి భర్త పేరు మీద ఒక్క గీత గీసింది. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచింది.

తెర కదిలింది. ఆయన బయటికొచ్చాడు. ఆ గదికి ఆయన ఒళ్లు ఎప్పుడూ పెద్దదే, ఇవాళ మరీ ఇరుకైపోయింది. గంటాయన లేచి కుర్చీ జరిపాడు.

"కూర్చోరా" అన్నారు మామగారు. "ఒరేయ్, నీకోసమేరా..."

ఆయన కూర్చోలేదు. పుస్తకంలో తన పేరు కేసి, దాని మీది గీత కేసి చూశాడు. రాసినామె కేసి చూడలేదు. ఆమె లేచి నిలబడింది.

ఆయన వంగి చెప్పులు వేసుకున్నాడు. తలుపు తీసి, బయటికెళ్లి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మెట్లు దిగిపోయాడు.